పాతికేళ్ల ఇంటి చెట్టును ఎండకు, ఉప్పు నీళ్లకు, తుఫానుకు కాపాడుకోవడం: ఒంగోలు–నెల్లూరు తీరం వాళ్ల కోసం

చిన్న మొక్కకు ఏం చేయాలో వీధిలో ఎవరినడిగినా చెబుతారు. ఇంటి ముందు పాతికేళ్ల వేప, పెరట్లో కాపుకొచ్చిన మామిడి, గోడ పక్క కొబ్బరి వాడిపోతుంటే మాత్రం అందరిదీ ఒకటే మాట: ‘నీళ్లు పోయండి.’ ఎక్కడ పోయాలి, ఎన్ని పోయాలి, ఏ నీళ్లు పోయాలి? అది ఎవరూ చెప్పరు.

ఇక్కడ రాసేది చీరాల నుంచి నెల్లూరు దాకా, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ల కోసం. ఉమ్మడి ప్రకాశంలో ఏడాదికి సగటున సుమారు 870 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నెల్లూరు వైపు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది. అంటే సంక్రాంతి దాటితే చెట్టుకు చాలా నెలల ఉపవాసం. మే నెలలో పడమటి గాలి, బోరులో ఉప్పు, ఏడాది చివర తుఫాను దానికి తోడు. పనులు కింద రాసిన వరుసలోనే చేయండి. మొదటి రెండూ వదిలేసి ఎరువుతో మొదలుపెడితే డబ్బు దండగ.

1. పైకి చూసే ముందు కిందికి చూడండి

పెద్ద చెట్టు రోగంతో చచ్చేది తక్కువ, మనం దాని చుట్టూ నేలకు చేసిన పనులతో చచ్చేది ఎక్కువ. చిక్కేమిటంటే, ఆ దెబ్బ వెంటనే కనిపించదు. ఈ ఏడాది వేరు తెగితే రెండేళ్లకు కొమ్మ ఎండుతుంది. అప్పటికి ఆ గొయ్యి ఎందుకు తవ్వామో కూడా మనకు గుర్తుండదు.

కాబట్టి ముందు ఒక కాగితం తీసుకుని గత ఐదేళ్లలో వీటిలో ఏవి జరిగాయో రాయండి:

- రోడ్డు ఎత్తు పెరిగిందని ఆవరణలో మట్టి తోలి మెరక చేశారా?
- చెట్టు మొదలు దాకా సిమెంటు గచ్చు వేశారా?
- ప్రహరీ, సెప్టిక్ ట్యాంకు, డ్రైనేజీ పైపు కోసం దగ్గర్లో తవ్వారా?
- చెట్టు చుట్టూ అరుగు కట్టి లోపల మట్టి నింపారా?
- బట్టల తీగ, కేబుల్ వైరు కాండానికి బిగించి వదిలేశారా?
- బోరు నీళ్ల రుచి మారిందా?
- ఇంటి పనప్పుడు కంకర, సిమెంటు, సున్నం చెట్టు కిందే పోశారా?

మా పెరట్లో సపోటా పోయింది ఈ జాబితాలోని మొదటి కారణంతోనే. వీధి రోడ్డు రెండుసార్లు వేశాక వాన నీళ్లు లోపలికి వస్తున్నాయని రెండడుగుల గ్రావెల్ తోలించాం. కాండం చుట్టూ కూడా చక్కగా చదును చేయించింది నేనే. మరుసటి ఏడాది కాయ విపరీతంగా వచ్చి అందరం సంబరపడ్డాం. అది చెట్టు చివరి ప్రయత్నమని ఆ తర్వాత గానీ అర్థం కాలేదు.

2. చెట్టు మొదలు బయటపెట్టండి

ఆరోగ్యంగా ఉన్న పెద్ద చెట్టు నేలను తాకే చోట ఏనుగు పాదంలా వెడల్పవుతుంది. అక్కణ్ణించే పెద్ద వేర్లు విడిపోతాయి. మీ వేప, మామిడి, నేరేడు కరెంటు స్తంభంలా తిన్నగా నేలలోకి దిగిపోయి ఉంటే మొదలు పూడిపోయిందన్నమాట. కొబ్బరి వేరే జాతి, దాని సంగతి తర్వాత.

ఎలా తీయాలి:

1. ముందు రోజు సాయంత్రం మట్టి నానేలా నీళ్లు చల్లండి.
2. పార వద్దు. తాపీ, చేతులు, చివర్లో కొబ్బరి చీపురు చాలు. బెరడు గీసుకుపోకూడదు.
3. వెడల్పైన భాగం, మొదటి పెద్ద వేర్ల పైభాగం కనిపించేదాకా తీయండి.
4. పూడిన మట్టిలోకి కాండం నుంచి కొత్తగా వచ్చిన సన్న వేర్లుంటే కత్తెరతో తీసేయండి. కాండాన్ని చుట్టుకున్న లావు వేరును మాత్రం ముట్టుకోకండి, తెలిసినవాళ్లకు చూపించండి.
5. తీసిన చోట వాననీరు నిలవకుండా ఒక పక్కకు వాలు ఇవ్వండి. వాలు కుదరనంత లోతైతే మొదలుకు అడుగున్నర దూరంలో ఇటుకలు పేర్చి లోపల ఖాళీగా ఉంచండి.

అరుగు ఉన్న వేపచెట్టుకూ ఇదే సూత్రం. అరుగు పడగొట్టనక్కర్లేదు, లోపలి మట్టి తగ్గించండి. గచ్చు ఉంటే కాండం చుట్టూ కనీసం మూడు నాలుగడుగులు పగలగొట్టించండి. ఇంట్లోవాళ్లు ‘బురదవుతుంది’ అంటారు. ఎండుటాకులు పరిస్తే కాదు.

మెరక తోలి ఏడాది లోపే అయితే చెట్టు కోలుకునే అవకాశం బాగా ఉంటుంది. మూడు నాలుగేళ్లయితే తీసిన మట్టి తీసినట్టే, మిగతాది చెట్టు ఓపిక.

3. నీళ్లు రుచి చూడండి, తర్వాత కొలవండి

నీటిలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరు ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే వస్తుంది. బోరు పది పదిహేను నిమిషాలు నడిచాక పట్టిన నీటిలో ముంచండి. ఒకసారి జనవరిలో, ఒకసారి మే చివర్లో కొలవండి. ఈ రెండు లెక్కలకీ తేడా ఉంటుంది, మేలో వచ్చేదే చెట్టును బాధపెట్టేది.

నేను పాటించే మోటు లెక్క ఇది. మీటరులో 600 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) లోపుంటే ఏ చెట్టుకైనా పర్వాలేదు. 1,200 దాటితే మామిడి బాధపడుతుంది, ఆకు కొనలు, అంచులు కాలినట్టు గోధుమ రంగులోకి మారతాయి. 2,000 దగ్గర కూడా కొబ్బరి, సపోటా, కానుగ నెట్టుకొస్తాయి. వేప కొంతవరకు తట్టుకుంటుంది.

కొత్తపట్నం, వేటపాలెం లాంటి ఇసుక నేలల్లో ఇంకో సంగతి ఉంది. అక్కడ పైన తియ్యని నీళ్లు, వాటి కింద ఉప్పు నీళ్లు ఉంటాయి. పాతవాళ్లు లోతుగా తవ్వకుండా దొరువులు తీసి పైపై నీళ్లే కుండలతో తోడుకున్నది అందుకే. పెద్ద మోటారు పెట్టి గంటల తరబడి లాగితే కింది ఉప్పు పైకి వస్తుంది. చిన్న మోటారు, తక్కువసేపు, మధ్యలో విరామం ఇవ్వండి.

ఇంట్లో దొరికే మిగతా నీళ్లు:

- ఏసీ నీళ్లు: ఉప్పు దాదాపు ఉండదు. బకెట్లో పట్టి మామిడికి పోయండి.
- ఆర్‌ఓ వదిలేసే నీళ్లు: ఉప్పంతా వీటిలోనే చేరుతుంది. మామిడికి వద్దు.
- వాషింగ్ మెషీన్ నీళ్లు: సబ్బులోని సోడియం నేలను గట్టిపరుస్తుంది. నల్లరేగడిలో అసలు వద్దు.
- బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు: ఎక్కడైనా పోయొచ్చు.

నేల మీద తెల్లటి పొర కడుతుంటే అది తెల్ల చౌడు, మంచి నీళ్లతో కిందికి కడిగితే తగ్గుతుంది. నేల నల్లబడి, నీళ్లు ఇంకక, ఎండితే రాయిలా అయితే కారు చౌడు కావొచ్చు. దానికి జిప్సం పనిచేస్తుంది, కానీ మట్టి పరీక్ష లేకుండా వేయకండి. కొమ్మల నీడ అంచున నాలుగు చోట్ల అడుగు లోతు మట్టి తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి అర కిలో తీసుకెళ్లండి. దగ్గర్లోని రైతు సేవా కేంద్రంలో గానీ, కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు.

4. నీళ్లు పెట్టడం: చెట్టు మొదట్లో కాదు, నీడ అంచున

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కాండానికి ఆనుకుని చిన్న పాదు చేసి రోజూ రెండు బకెట్లు పోస్తారు. పెద్ద చెట్టు మొదట్లో ఉండేవి నిలబెట్టే వేర్లు. నీళ్లు తాగే సన్న వేర్లు ఎక్కువగా కొమ్మల నీడ అంచు దగ్గర, దాని బయట కూడా, పై రెండడుగుల మట్టిలో ఉంటాయి. మొదట్లో రోజూ తడి ఉంటే కాండం కుళ్లుతుంది, చెదలు చేరతాయి. తాగే వేరుకు మాత్రం చుక్క అందదు.

ఇలా చేయండి:

1. మధ్యాహ్నం పన్నెండింటికి కొమ్మల నీడ ఎక్కడిదాకా పడుతుందో సున్నంతో గీత గీయండి.
2. ఆ గీత నుంచి లోపలికి మూడడుగుల వెడల్పున వలయంగా పాదు చేయండి. లోపలా బయటా జానెడు ఎత్తు గట్టు చాలు. గొయ్యి తవ్వకండి, గట్టుకు మట్టి బయటినుంచి తేవాలి.
3. పైపు సన్న ధారగా వదిలి అరగంటకోసారి చోటు మార్చండి.
4. మర్నాడు 8 ఎంఎం ఇనుప చువ్వ తీసుకుని పాదులో గుచ్చండి. తడి ఉన్నంత లోతు సులువుగా దిగుతుంది, పొడి మట్టి రాగానే ఆగుతుంది. అడుగున్నర దిగితే చాలు.

ఎన్ని నీళ్లు? ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. కాండం నుంచి నాలుగు మీటర్లు నీడ పరుచుకున్న చెట్టుకు, అంచున మీటరు వెడల్పు వలయం అంటే సుమారు 22 చదరపు మీటర్లు. 40 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 880 లీటర్లు. మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు దాదాపు ఖాళీ! రోజూ రెండు బకెట్ల లెక్క ఎక్కడ, ఇదెక్కడ.

పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. రెండు నిమిషాలైతే 880 లీటర్లకు గంటన్నర. మున్సిపల్ నీళ్లు అన్ని రావంటే ఈ వారం తూర్పు సగం, వచ్చే వారం పడమటి సగం తడపండి. చుట్టూ కొంచెం కొంచెం తడపడం కన్నా సగం వలయం లోతుగా తడిస్తేనే మేలు.

ఎన్నాళ్లకోసారి అంటే నేలను బట్టి. ఇసుకలో నీరు నిలవదు కాబట్టి పరిమాణం సగం చేసి వారం, పది రోజులకోసారి. ఎర్ర నేలలో పక్షం రోజులకు. నల్లరేగడిలో మూడు వారాల దాకా ఆగొచ్చు, అయితే బీటలు విచ్చాక పోస్తే నీళ్లు వేర్లను దాటి పగుళ్లలోంచి పోతాయి, అందుకే బీటలకు ముందే పెట్టాలి. పాతుకుపోయిన వేపకు ఇంత కూడా అక్కర్లేదు. మార్చి, ఏప్రిల్, రోహిణి కార్తెకు ముందు ఒకసారి, మొత్తం మూడు తడులు చాలు.

ఉప్పు నీళ్లే దిక్కయితే తడి సంఖ్య తగ్గించి పరిమాణం పెంచండి. రోజూ కొంచెం పోస్తే నీరు ఆవిరై ఉప్పు పైనే మిగులుతుంది. అక్టోబరు వానలు మొదలయ్యాక గట్లు తెంపకుండా మొదటి రెండు మూడు పెద్ద వానలను పాదులోనే ఇంకనివ్వండి. వేసవి ఉప్పును కడిగేది ఆ వానే. ఆ తర్వాత గట్లు తీసేయండి, నిలవ నీరు మంచిది కాదు.

5. రాలిన ఆకు ఊడ్చి తగలబెట్టకండి

పాదు మీద మూడు నాలుగు అంగుళాల మందం ఎండుటాకులు, కొబ్బరి పీచు, చెరకు పిప్పి ఏది దొరికితే అది పరవండి. కాండానికి జానెడు దూరం వదలండి. చెదల భయం ఉంటే పచ్చి పేడ, కర్ర ముక్కలు వద్దు. అంతే.

6. కొమ్మలు కొట్టించడం

మన దగ్గర కొమ్మలు కొట్టే మనిషి గొడ్డలితో వస్తాడు, కూలి గిట్టాలి కాబట్టి ‘పైనంతా లేపేద్దాం సార్, మళ్లీ గుబురుగా వస్తుంది’ అంటాడు. వచ్చే మాట నిజమే. అలా గుబురుగా వచ్చే చిగుళ్లు బెరడుకు పైపైన అతుక్కుని ఉంటాయి. నాలుగేళ్లకు లావై, తుఫానుకు మొదట విరిగేవి అవే. చెట్టు తల నరికించకండి.

సమయం: ఎండు కొమ్మ ఎప్పుడైనా తీయొచ్చు. పచ్చి కొమ్మలకు ఆగస్టు, సెప్టెంబరు మంచివి, తుఫాన్ల రుతువుకు ముందే పని అయిపోతుంది. మామిడికి కాయ కోశాక జూన్, జులైలో. మార్చి నుంచి మే దాకా పచ్చి కొమ్మ ముట్టుకోకండి. నీడ పోయి బయటపడ్డ బెరడు ఎండకు కాలి పగులుతుంది, ఆ పగుళ్లలో పురుగు చేరుతుంది. తప్పనిసరై తీస్తే బయటపడ్డ కొమ్మలకు పలచటి సున్నం పూయండి.

ఎంత: ఒక ఏడాదిలో పచ్చదనంలో నాలుగో వంతు మించకూడదు. ముసలి చెట్టుకు ఇంకా తక్కువ.

లావు కొమ్మ మూడు కోతల్లో:

1. కాండానికి అడుగున్నర దూరంలో, కింది నుంచి పైకి మూడో వంతు దాకా రంపంతో కోయండి.
2. దానికి రెండంగుళాలు బయట, పై నుంచి కిందికి కోయండి. కొమ్మ బరువుకు విరిగినా బెరడు చీలిపోదు.
3. మిగిలిన మోడును, కొమ్మ మొదట్లో ఉబ్బుగా కనిపించే మెడకు పక్కనే బయటగా, మెడ తెగకుండా తీసేయండి.

ఆ మెడే గాయాన్ని మూస్తుంది. కాండానికి సమంగా చెక్కేస్తే మెడ పోతుంది, జానెడు మోడు వదిలేస్తే అది కుళ్లి లోపలికి దిగుతుంది. కోతకు తారు, పెయింటు పూయకండి, లోపల తడి నిలిచి కుళ్లు పెరుగుతుంది. మామిడికి బోర్డో పేస్ట్ పూయడం మన ఉద్యాన అలవాటు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఇనుప పాత్రలో మాత్రం కలపకండి.

పని మొదలయ్యే ముందు:

- కరెంటు తీగ దగ్గర్లో ఉంటే లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించాకే ఎక్కాలి. కర్రతో తీగ పక్కకు నెట్టడం లాంటివి వద్దు.
- నడుముకు తాడు లేకుండా ఎవరినీ ఎక్కించకండి.
- పక్షి గూళ్లు, తేనెపట్టు, కందిరీగలు చూసుకోండి.
- కూలి రోజు లెక్కన మాట్లాడండి. కట్టెలకే కొట్టిస్తే కట్టె ఎక్కువొచ్చే కొమ్మే తెగుతుంది.

7. ఎరువు

వేప, కానుగ, బాదం లాంటి నీడ చెట్లకు రాలిన ఆకే ఎరువు, ఇంకేం కొనకండి. కాసే చెట్లకు తొలకరికి నీడ అంచు పాదులో చివికిన పశువుల ఎరువు, గుప్పెళ్ల కొద్దీ వేపపిండి వేసి నీళ్లు పెట్టండి. ఉప్పు నేలలో మామిడికి పొటాష్ వేయాల్సి వస్తే మ్యూరేట్ కాదు, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ అడగండి. మ్యూరేట్‌లో క్లోరైడ్ ఉంటుంది. కొబ్బరికి ఆ ఇబ్బంది లేదు. వాడిపోతున్న చెట్టుకు యూరియా వేయడం ఆయాసపడే మనిషిని పరిగెత్తించడం లాంటిది.

8. ఏ చెట్టుకు ఏ గొడవ

వేప. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలడం సహజం. 2021, 2022లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపలు చిగుళ్ల నుంచి నిప్పంటుకున్నట్టు మాడాయి. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు కారణాలు. చెట్టు చచ్చిందని చాలామంది కొట్టించేశారు, ఆగినవాళ్ల చెట్లు చాలావరకు చిగిర్చాయి. అలా మాడితే కొమ్మ బెరడు గోటితో గీరండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణముంది. ఉగాది దాకా ఆగి, చిగురు రాని కొనలు మాత్రమే తీయండి. పాతిక అడుగుల చెట్టంతా మందు కొట్టడం ఇంటి దగ్గర అయ్యే పని కాదు, ఇళ్ల మధ్య మంచిదీ కాదు.

కొబ్బరి. దీనికి వలయం పాదు కాదు, కాండం నుంచి చుట్టూ ఆరడుగుల దూరం దాకా పళ్లెం పాదు. వేర్లు ఎక్కువగా అందులోనే ఉంటాయి. వేసవిలో రోజుకు 50 లీటర్ల దాకా తాగుతుంది. మట్టలు కత్తెరతో ‘వీ’ ఆకారంలో కత్తిరించినట్టుంటే కొమ్ము పురుగు. మొవ్వులోంచి ఇనుప కొక్కెంతో లాగేయండి, మొవ్వు చుట్టూ ఉన్న మట్టల మొదళ్లలో వేపపిండి, ఇసుక కలిపి వేయండి, పెరట్లో పేడకుప్ప ఎత్తేయండి. అది పుట్టేది అక్కడే. కాండం మీద రంధ్రాలు, ఎర్రటి జిగురు కనిపిస్తే ఎర్ర ముక్కు పురుగు. దానికి మాత్రం ఆలస్యం చేయకుండా ఉద్యాన అధికారికి చూపించండి. పచ్చి మట్ట మొదలు దాకా నరికితే ఆ గాయం వాసనకే అది వస్తుంది. ఆకుల కింద తెల్లటి చుట్టలు, కింది ఆకుల మీద నల్లటి మసి కనిపిస్తే సర్పిలాకార తెల్లదోమ. ఘాటు పురుగుమందులు కొడితే దాన్ని తినే మిత్ర పురుగులు ముందు చస్తాయి. పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి.

మామిడి. నవంబరు, డిసెంబరులో నీళ్లు ఆపేయండి, లేకపోతే పూత బదులు చిగురొస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెట్టండి. కాండం కింద రంపపు పొట్టు రాలుతుంటే తొలిచే పురుగు. రంధ్రంలో సన్న తీగ పెట్టి కెలికి, పెట్రోలులో ముంచిన దూది కుక్కి, బంకమట్టితో మూయండి. వేరే రకం ఆకులతో పచ్చటి గుబురు కనిపిస్తే అది బదనిక. దాని కాయలు పండకముందే, అతుక్కున్న చోటికి అడుగు కింద కొమ్మతో సహా తీసేయండి. బదనికను మాత్రమే పీకితే మళ్లీ వస్తుంది.

9. తుఫానుకు ముందు, తర్వాత

ముందు వారంలో ముదురు కొబ్బరికాయలు, వేలాడే ఎండు మట్టలు దింపించండి. నీళ్లు పోయే కాలువ తీయండి. పెద్ద చెట్టును గోడకు, స్తంభానికి తాళ్లతో కట్టకండి, పడితే గోడనూ తీసుకుపోతుంది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు పెరళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. గాలికి నిలబడ్డ చెట్లు కూడా ఆ నీటికి దెబ్బతిన్నాయి. కాబట్టి తర్వాత చేయాల్సిన మొదటి పని రంపం తీయడం కాదు, నీళ్లు బయటికి పంపడం.

తర్వాత వరుసగా:

- తెగిన తీగలు ఉన్నాయేమో చూసుకున్నాకే చెట్టు దగ్గరికి వెళ్లండి.
- గాలి ఎక్కువ, వాన తక్కువ పడి సముద్రం వైపు ఆకులు మాడితే మంచి నీళ్లతో ఆకు కడగండి. అది ఉప్పు.
- విరిగి వేలాడే కొమ్మలు ముందు, చీలినవి తర్వాత, మిగతావి నెల ఆగి తీయండి.
- వంగిన కొబ్బరి మొవ్వు కుళ్లకుండా ఉందో లేదో పైకెక్కించి చూపించండి.
- కాండం బెత్తెడు లావు లోపున్న ఒరిగిన చెట్టును రెండు మూడు రోజుల్లో నిలబెట్టి ఊతం ఇవ్వొచ్చు. అంతకన్నా పెద్దది నిలబెడితే మళ్లీ పడుతుంది.

చెట్టు ఎప్పటినుంచో వంకరగా ఉండి కొన పైకి తిరిగి ఉంటే భయం లేదు. కొత్తగా ఒరిగి, మొదలుకు ఒక పక్క నేల పైకి లేచి బీట కనిపిస్తే మాత్రం ఆ కింద బండి పెట్టకండి, పిల్లల్ని ఆడనివ్వకండి. కొట్టేయాలని తేలితే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2002 కింద అనుమతి కావాలేమో మున్సిపాలిటీలో గానీ పంచాయతీలో గానీ ముందు కనుక్కోండి. ఒరిగిన మొదలు, బీట కనిపించేలా ఫోటో తీసి దరఖాస్తుకు జత చేయండి.

కొత్త మొక్క పెట్టేటప్పుడు పాత మొదలు పీకించి అదే గుంటలో పెట్టకండి, కనీసం ఆరేడు అడుగులు జరపండి. పైన తీగ ఉందా అని ఒకసారి తలెత్తి చూడండి.